దోమ, జనపనార, ఇరుసు: సైన్స్ చదివినవాళ్లు చేసే పని

శాస్త్రవేత్తలందరూ పాటించే పద్ధతి అంటూ ఒకటి లేదు. పరిశీలన, పరికల్పన, ప్రయోగం, నిర్ధారణ అంటూ పాఠ్యపుస్తకం చెప్పే వరుస పరీక్ష రాయడానికి బాగానే పనికొస్తుంది. అసలు పనిలో మాత్రం ప్రశ్నను బట్టి పద్ధతి మారుతుంది. డిగ్రీలో ఏ సబ్జెక్టు తీసుకోవాలా అని తేల్చుకునే ముందు, రోజంతా ఏ రకం పని చేయగలమో చూసుకోవడం మేలు.

మలేరియా కథలో ఒకే మనిషి రెండు పద్ధతులు వాడాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ ఒక దోమ పొట్ట కోసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. అది మలేరియా రోగి హుస్సేన్ ఖాన్‌ను కుట్టిన దోమ; కుట్టించుకున్నందుకు ఆయనకు దోమకు అణా చొప్పున ముట్టింది. పొట్ట గోడలో నల్లని రేణువులతో గుండ్రటి కణాలు కనిపించాయి. ఇది పరిశీలన. క్రిమి దోమలో పెరుగుతోందని తెలిసింది గానీ, మళ్లీ ఒంట్లోకి ఎలా చేరుతోందో తేలలేదు. మరుసటి ఏడు కలకత్తాలో రాస్ పక్షుల మలేరియా మీద పడ్డాడు. దోమ లాలాజల గ్రంథుల్లో క్రిమిని పట్టుకుని, ఆ దోమలతో ఆరోగ్యంగా ఉన్న పక్షులను కుట్టించి, జబ్బు రావడం చూపించాడు. ఇది ప్రయోగం. 1902లో నోబెల్ వచ్చింది. మైక్రోబయాలజీ, మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ వైపు వెళ్లేవారికి నేటికీ కావలసింది ఆ చేతి నేర్పు, ఆ ఓపికే.

కొన్ని ప్రశ్నలకు ల్యాబ్ చాలదు. బెంగాల్‌లో జనపనార ఎన్ని ఎకరాల్లో వేశారో తెలియాలంటే పొలం పొలమూ తిరగాలా? అక్కర్లేదని ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1937లో మొదలైన నమూనా సర్వేలతో చూపించారు. యాదృచ్ఛికంగా ఎంచుకున్న చిన్న చిన్న గళ్లలోని పంటను కొలిచి, మొత్తాన్ని అంచనా కట్టే పద్ధతి అది. ఆయన స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోనే 1941లో సి.ఆర్. రావు చేరారు. ఆంధ్ర విశ్వకళా పరిషత్‌లో గణితం ఎం.ఎ. చేసి, ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి, అది దొరక్క స్టాటిస్టిక్స్ వైపు మళ్లినవారాయన. 1945లో ఆయన ప్రచురించిన పరిశోధన వ్యాసం నుంచి వచ్చిందే క్రామర్–రావు అసమానత. ఆ తర్వాత కేంబ్రిడ్జిలో ప్రాచీన అస్థిపంజరాల కొలతలను గణితంతో విశ్లేషించారు. డేటా సైన్స్ అనే మాట పుట్టకముందు సంగతి ఇది.

జరిగిపోయినదాన్ని మళ్లీ జరిపించి చూడలేని ప్రశ్నలు మరో రకం. ఖరగ్‌పూర్ లాంటి రైల్వే ఊళ్లో ఇందుకు ఉదాహరణ దగ్గర్లోనే ఉంది. విరగకముందైతే వ్యాగన్ ఇరుసు చివర నూనె రాసి, ప్రోబ్ ఆనించి, అల్ట్రాసోనిక్ తరంగాలు పంపుతారు. లోపల పగులుంటే తరంగం మధ్యలోనే వెనక్కి వస్తుంది. తెర మీద ఉండకూడని చోట ఒక గీత లేస్తుంది. ఇరుసు విరిగాకైతే విరిగిన ముఖాన్ని చదవాలి. మెల్లగా పెరిగిన పగులు అలల గీతలు వదులుతుంది. ఆ గీతల వెంట వెనక్కి వెళితే మొదలైన చోటు దొరుకుతుంది. భూగర్భ శాస్త్రం, ఫోరెన్సిక్స్ పని చేసేదీ ఇదే తీరులో.

ఇలాంటి పనుల వైపు వెళ్లాలనుకునేవారికి ఖరగ్‌పూర్‌లోని ఇందాలో సైన్స్ డిగ్రీకి 1949 నాటి ఖరగ్‌పూర్ కాలేజీ ఉంది. విద్యాసాగర్ విశ్వవిద్యాలయం పరిధిలోది. రైల్వే అంటే ఎన్‌టీపీసీ, గ్రూప్-డీ పరీక్షలే అందరికీ గుర్తొస్తాయి. ఫిజిక్స్, కెమిస్ట్రీతో బీఎస్సీ చేసినవారికి కెమికల్ అండ్ మెటలర్జికల్ అసిస్టెంట్ పోస్టులు కూడా ఉంటాయన్నది చాలామంది పట్టించుకోని సంగతి. పరిశోధనే లక్ష్యమైతే దారి వేరు. ఖరగ్‌పూర్‌లోనే హిజ్లీలో 1951లో మొదలైన ఐఐటీలో ఎమ్మెస్సీకి జామ్ ప్రవేశ పరీక్ష రాయాలి. మోహన్‌పూర్‌లోని ఐసర్‌కు పన్నెండో తరగతి తర్వాత ఐఏటీ ప్రవేశ పరీక్ష ఉంది. పీహెచ్‌డీకి సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ తెచ్చుకుంటే 2023 నుంచి అమల్లోకి వచ్చిన ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు. ఇంటి అద్దె భత్యం అదనం.