మన ఓటు ఏ గట్టున ఉంది?

రాత్రి ఏడు గంటలు. అప్పనపల్లిలో అరుగు మీద అక్కలంతా పుస్తకాలు తెరిచారు. ఒక పిన్ని అడిగింది.

"టీచరు గారూ, మన మండలాఫీసు మామిడికుదురులో ఉంది కదండీ. ఆ ఊరోళ్లు రాజోలు ఎమ్మెల్యేకి ఓటేస్తారు. మనం గన్నవరం ఎమ్మెల్యేకి వేస్తాం. మండలం ఒకటే కదా, ఎమ్మెల్యేలు ఇద్దరేంటండీ?"

మంచి ప్రశ్న. ఈ రోజు పాఠం అదే.

నియోజకవర్గం అంటే ఏమిటి?

చేనుకి గట్టు ఉంటుంది. ఓటుకి కూడా గట్టు ఉంటుంది. ఒక ఎమ్మెల్యేని గానీ, ఒక ఎంపీని గానీ కలిసి ఎన్నుకునే ఊళ్లన్నిటినీ కలిపి నియోజకవర్గం అంటారు. మండలం గట్టు వేరు. ఓటు గట్టు వేరు.

మనకి రెండు ఓట్లు. ఒకటి శాసనసభకి. అక్కడ మనది పి.గన్నవరం నియోజకవర్గం. రెండోది ఢిల్లీలోని లోక్‌సభకి. అక్కడ మనది అమలాపురం నియోజకవర్గం. అమలాపురం లోక్‌సభ కింద ఏడు శాసనసభ నియోజకవర్గాలు ఉన్నాయి. అవి అమలాపురం, రాజోలు, పి.గన్నవరం, ముమ్మిడివరం, కొత్తపేట, మండపేట, రామచంద్రపురం.

గట్టు మారుతుందా?

మారుతుంది. 1962 ఎన్నికల్లో అమలాపురం నుంచి బయ్యా సూర్యనారాయణమూర్తి గారు లోక్‌సభకి వెళ్లారు. అప్పటి గట్లు వేరు. ఇప్పటి గట్లు వేరు.

మన పక్కనున్న నగరం పేరుతో ఒకప్పుడు శాసనసభ నియోజకవర్గం ఉండేది. 2008లో హద్దులు మళ్లీ గీశారు. నగరం నియోజకవర్గం పోయింది. పి.గన్నవరం వచ్చింది. ఆ గీత ప్రకారం మామిడికుదురు ఊరు రాజోలులోకి వెళ్లింది. అప్పనపల్లి, పెదపట్నం, పాశర్లపూడి, నగరం గన్నవరంలోకి వచ్చాయి. 2009 ఎన్నికలు ఈ కొత్త హద్దులతోనే జరిగాయి.

ఎందుకు గీశారు? ఒక్కో నియోజకవర్గంలో జనాభా ఇంచుమించు సమానంగా ఉండాలి. అందుకు 2001 జనాభా లెక్కలు చూశారు. కొన్నిచోట్ల గీత మండలం మధ్య నుంచి పోయింది.

ఈ గీతతో మనకేం పని?

చాలా పని ఉంది. ఇదివరకు కలెక్టరాఫీసు పనికి కాకినాడ వెళ్లేవాళ్లం. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా వచ్చింది. అమలాపురం లోక్‌సభ హద్దునే ఆధారం చేసుకుని ఆ జిల్లాని ఏర్పాటు చేశారు. ఓటు కోసం గీసిన గీతే మన బస్సు దారిని మార్చింది.

"అమలాపురం రిజర్వుడు సీటంట. మరి అందరూ ఓటెయ్యొచ్చా?" అని ఇంకో అక్క అడిగింది.

వెయ్యొచ్చు. పోటీ చేసేవాళ్లు మాత్రం షెడ్యూల్డు కులాల వాళ్లై ఉండాలి. ఓటు అన్ని కులాల వాళ్లదీ. ఇక్కడ గెలిచిన జి.ఎం.సి. బాలయోగి గారు 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు. అంటే సభని నడిపే పెద్ద. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయనే. 2002లో హెలికాప్టరు ప్రమాదంలో చనిపోయారు. తరువాత ఉప ఎన్నికలో ఆయన భార్య విజయకుమారి గారు గెలిచారు. 2019లో చింతా అనురాధ గారు గెలిచారు. మన ఆడవాళ్లు ఇద్దరు ఇక్కడి నుంచి ఢిల్లీ వెళ్లారన్నమాట.

లోక్‌సభలో, శాసనసభల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకి ఇవ్వాలని 2023లో రాజ్యాంగాన్ని సవరించారు. జనాభా లెక్కలు తీసి, హద్దులు మళ్లీ గీశాక అది అమలు కావాలని అందులో రాశారు.

కోడలి ఓటు

చివర్లో ఒక కొత్త కోడలు మెల్లగా అంది. "మా పుట్టిల్లు మామిడికుదురండీ. పెళ్లై మూడేళ్లైంది. ఓటు అక్కడే ఉంది. మండలం ఒకటే కదా అని ఊరుకున్నాను."

మండలం ఒకటే చెల్లీ. కానీ నువ్వు ఓటు గట్టు దాటి వచ్చావు. ఇక్కడి నీళ్ల గురించి, ఇక్కడి రోడ్డు గురించి అడగాల్సింది గన్నవరం ఎమ్మెల్యేని. ఆ ఎమ్మెల్యేని ఎన్నుకోవడంలో నీ ఓటు లేదు.

ఇల్లు మారితే ఫారం 8 నింపాలి. 18 ఏళ్లు నిండి, మొదటిసారి ఓటు కావాలంటే ఫారం 6. ఊళ్లో బి.ఎల్.ఓ.కి ఇవ్వొచ్చు. సందేహం ఉంటే 1950 నంబరుకి ఫోను చేయొచ్చు. ఒక మనిషికి ఒక్కచోటే ఓటు ఉండాలి.

మర్నాడు ఆ కోడలు ఫారం తెచ్చింది. ఊరి పేరు తనే రాసింది. కింద వేలిముద్ర వేయలేదు. సంతకం పెట్టింది.

చెప్పండి, రాయండి
1. మీ శాసనసభ నియోజకవర్గం పేరు రాయండి.
2. మీ లోక్‌సభ నియోజకవర్గం పేరు రాయండి.
3. రిజర్వుడు సీటులో ఎవరెవరు ఓటు వేయొచ్చు?
4. మీ ఇంట్లో కోడళ్ల ఓటు ఎక్కడ ఉంది? అడిగి తెలుసుకోండి.