గర్భనిరోధక మాత్రలు – ముట్లుడుగు వయస్సు

స్త్రీ శరీర ధర్మంలో రజస్వల కావడం ఒక ఘట్టం, ముట్లుడగడం మరొక ఘట్టం. వరుసగా పన్నెండు నెలలు బహిష్టు కానిచో ముట్లుడిగినట్లు వైద్యులు నిర్ణయిస్తారు. పాశ్చాత్య దేశాలలో ఇది సగటున 51వ ఏట, మన దేశంలో 46, 47 ఏండ్ల ప్రాంతంలో సంభవిస్తుంది. 1960లో అమెరికాలో గర్భనిరోధక మాత్రకు అనుమతి లభించింది. ఏండ్ల తరబడి ఆ మాత్రలు వాడిన స్త్రీకి ముట్లుడుగు వయస్సు మారుతుందా అనే సందేహం చాలామందికి కలుగుతుంది.

ఈ సందేహం వెనుక ఒక తర్కం ఉన్నది. మాత్ర అండం విడుదలను ఆపుతుంది. విడుదల కాని అండాలు నిలువ ఉంటాయి. కాబట్టి ముట్లు ఆలస్యంగా ఉడగాలి. వినడానికి ఇది సబబుగానే తోస్తుంది. కాని లెక్క వేసి చూద్దాం.

ఆడశిశువు పుట్టేనాటికి అండాశయాలలో సుమారు 10 నుండి 20 లక్షల అండాలు ఉంటాయి. రజస్వల అయ్యేనాటికి 3, 4 లక్షలు మిగులుతాయి. జీవితకాలంలో విడుదలయ్యేవి 400 లేక 500 మాత్రమే. తక్కినవన్నీ వాటంతట అవే క్షీణించి నశిస్తాయి. ఇరవై ఏండ్లు మాత్రలు వాడిన స్త్రీలో, ఏడాదికి 13 చొప్పున, విడుదల కాకుండా ఆగేవి 260. యౌవనంలో ఒక్క నెలలోనే వందల కొలది అండాలు నశిస్తుండగా, ఈ 260 ఏపాటివి? పైగా నిద్రాణమైన అండం మేల్కొని ఎదగడం ఆరంభించే తొలి దశకు పిట్యుటరీ గ్రంథి ఆజ్ఞతో పని లేదు. మాత్ర అణచివేసేది ఆ ఆజ్ఞనే. అనగా మాత్ర మూసేది చివరి వాకిలిని మాత్రమే. వెనుక జరిగే క్షయాన్ని అది ఆపజాలదు.

పరిశోధనల ఫలితాలు కూడ దీనికి అనుగుణంగానే ఉన్నాయి. కొన్నింటిలో స్వల్ప ఆలస్యం, కొన్నింటిలో స్వల్ప త్వరితం, మరికొన్నింటిలో ఏ భేదమూ లేదు. వంశపారంపర్యం, ధూమపానం ఇంతకంటె ప్రబలమైన కారణాలు. పొగత్రాగే స్త్రీలకు ముట్లు ఒకటి రెండేండ్లు ముందుగా ఉడుగుతాయి.

అయితే మాత్ర ముట్లుడుగు వయస్సును మార్చకపోయినా, దానిని మరుగుపరచగలదు. మాత్రలు ఆపిన రోజులలో కనబడే రక్తస్రావం సహజమైన బహిష్టు కాదు. మందు ఆగినందువల్ల వచ్చేది. కావున అండాశయాలు విశ్రమించినా ఆమెకు తెలియకపోవచ్చు. దీనికి భిన్నంగా, మూడు నెలల ఇంజెక్షను వాడే స్త్రీకి రక్తస్రావం ఆగిపోయి, ముట్లుడిగినట్లు భ్రమ కలుగవచ్చు. ఆ భ్రమతో నిరోధాన్ని మానివేసిన నలభై ఏండ్ల స్త్రీ అనుకోకుండా గర్భవతి కావచ్చు. మందు మార్చేముందు వైద్యుని సంప్రదించడం అవసరం.

మన తెలుగు రాష్ట్రాలలో మాత్రలు వాడేవారు బహు కొద్దిమంది. ఎక్కువమందిది ట్యూబెక్టమీ శస్త్రచికిత్స. అందులో అండాశయాలను ముట్టరు. కాని గర్భసంచి తొలగింపు ఇక్కడ దేశ సగటుకంటె చాల ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు తెలుపుతున్నాయి. దానితోపాటు అండాశయాలను కూడ తీసివేస్తే ముట్లు ఆనాడే ఉడుగుతాయి. అండాశయాలను ఉంచినా కొందరిలో అవి త్వరగా శక్తి కోల్పోతాయి. చిన్న వయస్సులోనే ఇట్లు జరిగితే ఎముకలు బలహీనపడతాయి, గుండెజబ్బు ప్రమాదం పెరుగుతుంది.

మన ఇండ్లలో అమ్మీలు, ఖాలాలు, అత్తలు ఈ విషయాలను బిడియంతో దాచుకుంటారు. చదువుకున్న బిడ్డలు మాత్రను గురించిన అకారణ భయాన్ని తొలగించాలి. గర్భసంచి తీయించుకోమన్నప్పుడు మరొక వైద్యుని అభిప్రాయం కూడ తీసుకొమ్మని వారికి చెప్పాలి. విద్య ఇంటికి చేయగల సేవలలో ఇది ఒకటి.