అందరూ కాదన్న హాస్యం



ఒక కృతి మనకు నచ్చడం వేరు. నచ్చిందని నలుగురిలో చెప్పగలగడం వేరు. మొదటిది రసానుభూతి, రెండవది విమర్శకు తొలిమెట్టు. గత సంవత్సరం “నాకు నచ్చిన కృతి” అనే అంశంపై వ్యాసం రాయవలసిందిగా తరగతిలో కోరాను. అందరూ ప్రసిద్ధ కావ్యాలను, నవలలను ఎన్నుకొన్నారు. ఒక్క విద్యార్థి మాత్రం “కుంగ్ పౌ! ఎంటర్ ది ఫిస్ట్” అనే హాస్య చలనచిత్రాన్ని గురించి రాశాడు. అందులోని రెండు వాక్యాలను నేను వెటకారంగా చదివి వినిపించాను. తరగతి నవ్వింది; అతడు తల దించుకొన్నాడు. ఆ చిత్రాన్ని అప్పటికే నాలుగుసార్లు చూచి కడుపుబ్బ నవ్వుకొన్నానన్న మాటను మాత్రం నేను దాచిపెట్టాను. ఆ అపరాధానికి ప్రాయశ్చిత్తమే ఈ వ్యాసం.

ఈ చిత్రం 2002లో అమెరికాలో విడుదలయింది. రచయిత, దర్శకుడు, నాయకపాత్రధారి స్టీవ్ ఓడెకర్క్. 1976 నాటి “టైగర్ అండ్ క్రేన్ ఫిస్ట్స్” అనే హాంకాంగ్ ముష్టియుద్ధ చిత్రాన్ని ఆయన మూలంగా గ్రహించారు. జిమ్మీ వాంగ్ యూ దర్శకత్వంలో వచ్చిన ఆ చిత్రంలోని పలు దృశ్యాల నుండి కథానాయకుని కంప్యూటర్ సహాయంతో తొలగించి, ఆ స్థానంలో తనను ప్రవేశపెట్టుకొన్నారు. కొన్ని దృశ్యాలను కొత్తగా చిత్రించారు. పాత సంభాషణలను తీసివేసి కొత్తవి రాసి, దాదాపు అన్ని పాత్రలకూ తానే గొంతునిచ్చారు. శీర్షిక సైతం 1973 నాటి బ్రూస్ లీ చిత్రం “ఎంటర్ ది డ్రాగన్”కు వికటానుకరణమే.

కథ పాతదే: తల్లిదండ్రులను చంపిన దుష్టునిపై కుమారుని ప్రతీకారం. కాని ఇక్కడ ఉయ్యాలలోని పసికందే హంతకులతో కుస్తీ పడతాడు. నాయకుని మహాపురుషలక్షణం అతని నాలుకపై ఉన్న ముఖం! భయంకరుడైన ప్రతినాయకుడు ఇకపై తనను “బెట్టీ” అనే ఆడపేరుతో పిలవాలని గంభీరంగా ప్రకటిస్తాడు. నాయకుడు ఒక ఆవుతో ద్వంద్వయుద్ధం చేసి, చివరకు దాని పాలు పితికి జయిస్తాడు. పెదవులు ఒకటి పలుకుతుంటే చెవికి మరొకటి వినిపిస్తుంది.

విడుదలైనప్పుడు అమెరికన్ విమర్శకులలో అత్యధికులు దీనిని తీవ్రంగా నిరసించారు. కథ లేదన్నారు, చమత్కారాలు బాల్యచేష్టలన్నారు. ఆ అభ్యంతరాలలో సత్యం లేకపోలేదు. ఒకే చమత్కారాన్ని విసుగు పుట్టేవరకు సాగదీసిన ఘట్టాలున్నాయి, మోటుతనమూ ఉన్నది. వీటిని కాదనడం ప్రీతి కావచ్చును గాని, విమర్శ కాజాలదు.

అయినను నాకెందుకు నచ్చింది? సమాధానం కోసం నేను ఎక్కడికో పోనక్కరలేకపోయింది. నేను పాఠం చెప్పే నాట్యశాస్త్రమే చాలింది. హాస్యరసానికి స్థాయీభావం హాసం. వికృతమైన వేషాలంకారాలు, అసత్ప్రలాపం మొదలైనవి దానికి విభావాలు. పరాయి శరీరానికి పొసగని మాటలను అంటించడం అసత్ప్రలాపానికి పరాకాష్ఠ గాక మరేమిటి? మొలనూలును మెడకు, హారాన్ని నడుముకు ధరిస్తే ఎవరు నవ్వరని క్షేమేంద్రుడు ఔచిత్యచర్చలో అడిగాడు. ఔచిత్యాన్ని బోధించడానికి ఆయన చూపిన ఈ ఉదాహరణలోనే హాస్యరహస్యం కూడ ఇమిడి ఉన్నది. ఇక భరతుడు నవ్వును ఆరు విధాలుగా విభజించి, కన్నీరు కారగా భుజాలు, తల అదిరే అపహసితాన్ని అధమప్రకృతులకు కేటాయించాడు. ఆవుతో యుద్ధం చూచినప్పుడు నేను నవ్వినది సరిగా ఆ నవ్వే. శాస్త్రం ముందు తల వంచి ఒప్పుకొంటున్నాను.

ఇంకొక విషయం. వికటానుకరణాన్ని తెలుగులో పేరడీ అంటున్నాము, ఉర్దూలో తహ్రీఫ్ అంటారు. మూలం తెలియనివానికి పేరడీ పిచ్చిమాటగానే తోస్తుంది. భావకవిత్వపు పోకడ ఎరిగినవారికే జరుక్‌శాస్త్రి పేరడీలలోని చురుకు అందుతుంది. గజల్ మర్యాద తెలిసిన శ్రోతయే దక్కనీ హాస్య ముషాయిరాలో పగలబడి నవ్వుతాడు. అట్లే, హాంకాంగ్ చిత్రాలలోని గురువుగారి గాంభీర్యాన్ని, అతకని డబ్బింగును, దెబ్బ తగలకముందే వినిపించే చప్పుడును బాల్యంలో ప్రేమించినవారికి ఈ చిత్రం పాతమిత్రునితో పరిహాసం వంటిది. పైగా పాతికేళ్ళకు పైబడిన చిత్రంలోని వెలుగుకు, వేగానికి, ఎదుటివాని దెబ్బకు తన శరీరాన్ని సరిపుచ్చడం సామాన్యమైన శ్రమ కాదు. మూలాన్ని ద్వేషించేవాడు ఇంత శ్రమ పడడు.

విద్యార్థులారా! మీకొక కృతి నచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకొనండి. ఇది ఏ జాతి రచన? ఆ జాతికి తగిన పనిని ఇది చేసిందా? దీనిలోని లోపాలను నేను దాచకుండా చెప్పగలనా? ఈ మూడింటికి సమాధానం చెప్పగలిగితే, లోకమంతా కాదన్నా మీ అభిరుచికి మీరు సిగ్గుపడనక్కరలేదు. చెప్పలేకపోతే, లోకమంతా మెచ్చిన మహాకావ్యాన్ని మీరు పొగిడినా అది అరువు తెచ్చుకొన్న మాటే.

ఆనాడు ముప్పదిమందిలో అరువు మాటలు లేని వ్యాసం ఆ ఒక్క విద్యార్థిదే. కారణాలు చెప్పడంలో అతడు తడబడ్డాడు; ఆ కారణాలను వెదకడానికి తోడ్పడడం ఉపాధ్యాయునిగా నా విధి. ఆ విధిని విడిచి నేను నవ్వించాను. ఈ సంచిక అతని చేతికి అందితే, ఆ రెండు వాక్యాలు సరియైనవేనని అతని అధ్యాపకుడు ఒప్పుకొన్నాడని గ్రహిస్తాడని ఆశిస్తున్నాను.