యజమాని లేని పద్దు పుస్తకం: నియమాలు మార్చేదెవరు?

మీరు వీధిలో కబడ్డీ ఆడుతున్నారనుకోండి. అంపైరు లేడు. "గీత కొంచెం వెనక్కి జరుపుదాం" అన్నాడొకడు. అందరూ సరే అంటే ఆట సాగుతుంది. సగంమంది కాదంటే? ఆట రెండుగా చీలుతుంది. ప్రపంచమంతటా పరచుకున్న ఒక డబ్బు వ్యవస్థకు ఇదే చిక్కు వచ్చింది. దాని పేరు బిట్‌కాయిన్.

అందరి దగ్గరా ఒకే పుస్తకం

బ్యాంకులో మన పద్దును బ్యాంకే రాస్తుంది. బిట్‌కాయిన్‌కు బ్యాంకు లేదు. సతోషి నకమోటో అనే మారుపేరుతో 2008లో దీని పథకం వెలువడింది. 2009 జనవరిలో అది పని మొదలుపెట్టింది. ఎవరు ఎవరికి ఎంత పంపారో తెలిపే పద్దు పుస్తకం వేలాది కంప్యూటర్లలో ఒకేలా ఉంటుంది. ఈ కంప్యూటర్లే నోడ్‌లు. సుమారు 10 నిమిషాలకు ఒక కొత్త పుట చేరుతుంది. దాన్ని బ్లాకు అంటారు. బ్లాకులను తయారుచేసేవారు మైనర్లు. ప్రతి బ్లాకూ నియమం ప్రకారం ఉందో లేదో ప్రతి నోడూ స్వయంగా తనిఖీ చేస్తుంది. నియమం తప్పితే తోసిపుచ్చుతుంది.

ఈ నియమాలు కంప్యూటర్ ప్రోగ్రాములో ఉంటాయి. దాన్ని ఎవరైనా మార్చుకోవచ్చు. కాని ఇతరులు కూడా ఆ మార్పును వాడితేనే ప్రయోజనం!

ప్రతిపాదన దారి

2011లో అమీర్ తాకీ అనే ప్రోగ్రామర్ ఒక పద్ధతి ప్రవేశపెట్టాడు. మార్పు కోరేవారు 'బిట్‌కాయిన్ అభివృద్ధి ప్రతిపాదన' రాయాలి. క్లుప్తంగా దీన్ని 'బిప్' అంటారు. ఏమి మార్చాలి, ఎందుకు మార్చాలి, పాత ప్రోగ్రాములకు ఇబ్బంది కలుగుతుందా అన్నవి అందులో వివరించాలి. సంపాదకులు దానికి ఒక సంఖ్య ఇస్తారు. సంఖ్య వచ్చినంత మాత్రాన నెగ్గినట్లు కాదు. అందరూ చర్చించాలి, తప్పులు వెతకాలి, చివరికి ఎవరి కంప్యూటర్లో వారు దాన్ని వాడాలి.

మార్పులు రెండు రకాలు. 'జవాబు 10 పుటలు మించరాదు' అని పరీక్షలో ఒక నియమం ఉందనుకోండి. దాన్ని 8 పుటలకు బిగిస్తే, కొత్త నియమం పాటించినవాడు పాత నియమాన్నీ పాటించినట్లే. ఇది సాఫ్ట్ ఫోర్క్. 20 పుటలకు సడలిస్తే, పాత నియమంతో దిద్దేవారు ఆ జవాబును ఒప్పుకోరు. ఇది హార్డ్ ఫోర్క్. చీలిక భయం దీనిలోనే ఎక్కువ.

2017లో వచ్చిన పరీక్ష

బ్లాకు 1 మెగాబైటు మించరాదనే హద్దు 2010లో వచ్చింది. వాడేవారు పెరిగేసరికి బ్లాకులు నిండిపోయాయి, రుసుములు పెరిగాయి. హద్దు పెంచమన్నారు కొందరు. పెంచితే చిన్న కంప్యూటర్లు ఆ భారం మోయలేవు, పుస్తకం కొద్దిమంది చేతిలో పడుతుందన్నారు మరికొందరు. రెండు వాదాల్లోనూ న్యాయం ఉంది.

141వ బిప్ మధ్యేమార్గం చూపింది. లావాదేవీల సంతకాలను వేరే భాగానికి తరలిస్తే, పాత నోడ్‌ల లెక్కలో బ్లాకు హద్దు దాటదు. అయినా ఎక్కువ లావాదేవీలు పడతాయి. అంటే ఇది సాఫ్ట్ ఫోర్క్ అన్నమాట. వరుసగా లెక్కించే 2016 బ్లాకులలో, అంటే సుమారు రెండు వారాలలో, 95 శాతం బ్లాకులపై మైనర్లు సమ్మతి గుర్తు పెడితే అమలులోకి వస్తుంది. నెలలు గడిచినా అన్ని గుర్తులు రాలేదు.

అప్పుడు వాడుకదారులలో కొందరు 148వ బిప్‌ను చేపట్టారు. "ఆగస్టు 1 నుంచి సమ్మతి గుర్తు లేని బ్లాకులను మా నోడ్‌లు తీసుకోవు" అన్నారు. ఎవరూ తీసుకోని బ్లాకును తయారుచేస్తే మైనరుకు శ్రమే మిగులుతుంది. గడువుకు ముందే, జులైలో, 91వ బిప్ ద్వారా మైనర్లు సమ్మతించారు. ఆగస్టు 24న మార్పు అమలైంది. పెద్ద బ్లాకులే కావాలన్నవారు ఆగస్టు 1న విడిపోయి, 8 మెగాబైట్ల హద్దుతో 'బిట్‌కాయిన్ క్యాష్' నడుపుకున్నారు. అంతవరకు రాసిన పద్దు ఇద్దరికీ ఉమ్మడి. ఆపైన ఎవరి పుస్తకం వారిది.

2021లో 'టాప్‌రూట్' అనే మార్పు ఇంత తగవు లేకుండానే వచ్చింది. యజమాని లేనిచోట మార్పు నెమ్మదిగానే వస్తుంది. అయితే ఎవరో ఒకరు రాత్రికి రాత్రి నియమం మార్చేయలేకపోవడం కూడా అందువల్లనే.

మీరు చెప్పండి

బిట్‌కాయిన్లు 2 కోట్ల 10 లక్షలు మించరాదని ఒక నియమం ఉంది. ఒక పెద్ద మైనరు అంతకు మించి పుట్టించే బ్లాకును పంపాడనుకోండి. ఇది నియమాన్ని బిగించడమా, సడలించడమా? మీ ఇంట్లోని చిన్న నోడ్ దాన్ని ఏం చేస్తుంది? పరీక్ష జవాబుల ఉదాహరణను గుర్తు తెచ్చుకొని ఆలోచించండి.