కూజా మొక్క - మన ఎండలు

పిల్లలూ! కీటకాలను పట్టి తినే మొక్కల బొమ్మలు పాఠ్యపుస్తకంలో మీరు చూసే ఉంటారు. వాటిలో ఆకు చివర మూత తెరిచిన కూజా వేలాడుతూ కనిపించేది నెపంథిస్. దీన్నే కూజా మొక్క అంటున్నాం. ఈ పాఠం చెప్పిన ప్రతి ఏడూ తరగతిలో ఎవరో ఒకరు లేచి, "సార్! దీన్ని మన ఊళ్లో పెంచవచ్చా?" అని అడుగుతారు. "మన కర్నూలు ఎండలకు అది బతకదు, కూర్చో" అని చాలాకాలం చెబుతూ వచ్చాను. ఆ జవాబు తప్పని తెలియడానికి ఒక మొక్క నా చేతుల్లో చచ్చిపోవలసి వచ్చింది.

ఒక నర్సరీలో కూజా మొక్క కనబడితే ఆశపడి కొన్నాను. "గులాబీకి చేసినట్టే చేయండి సార్" అన్నాడు అమ్మిన మనిషి. సైన్సు చెప్పేవాణ్ణయి కూడా ఆ మాట నమ్మాను. తోటమట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు కలిపి కుండీలో నాటాను. రోజూ బోరు నీళ్లు పోశాను. ఎండ పొడ తగలకుండా వరండాలో పెట్టాను. కొద్ది వారాల్లోనే కూజాలు ఎండిపోయాయి. ఆకుల అంచులు మాడాయి. చివరికి కుండీ బోర్లించి చూస్తే వేళ్లు కుళ్లి మెత్తబడి ఉన్నాయి. మీరూ గమనించారా? ఆ మొక్కకు ఎండ తగలనే లేదు! మరి దాన్ని చంపింది ఎవరు?

ఇది తెలియాలంటే ఆ మొక్క పుట్టిల్లు చూడాలి. మన దేశంలో సహజంగా పెరిగే నెపంథిస్ జాతి ఒక్కటే. దాని పేరు నెపంథిస్ ఖాసియానా. మేఘాలయలోని గారో, ఖాసీ, జయంతియా కొండలు దాని స్థానం. గారోలు దాన్ని 'మెమాంగ్ కొక్సీ' అంటారు. దయ్యపు బుట్ట అని అర్థం. ఆ రాష్ట్రంలోని చిరపుంజిలో ఏడాదికి సుమారు 11,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మా కర్నూలులో 700 మిల్లీమీటర్లు పడితే పండగే. అంత వాన కురిసే కొండవాలుల్లో మట్టిలోని లవణాలన్నీ కొట్టుకుపోతాయి. నత్రజని, భాస్వరం దాదాపు మిగలవు. వేళ్లకు దొరకని ఆ నత్రజనినే ఈ మొక్క చీమల నుంచి సంపాదించుకుంటుంది. పిండిపదార్థం మాత్రం అన్ని మొక్కల్లాగే కిరణజన్య సంయోగక్రియతోనే తయారు చేసుకుంటుంది. అంటే కీటకం దానికి అన్నం కాదు, ఎరువు.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం చూడండి. తరతరాలుగా లవణాలు లేని మట్టికి అలవాటుపడిన వేళ్ల చుట్టూ పశువుల ఎరువు వేశాను. దానిపైన లవణాలు దండిగా ఉన్న బోరు నీళ్లు పోశాను. ద్రవాభిసరణ పాఠంలో ఎండుద్రాక్షను నీళ్లలో వేస్తే ఉబ్బుతుంది, చిక్కటి ఉప్పునీళ్లలో వేస్తే ఉబ్బదు అని చదివారు కదా! వేళ్ల చుట్టూ ఉన్న నీటిలో లవణాలు పెరిగేకొద్దీ వేరు నీటిని పీల్చుకోవడం కష్టమవుతుంది. నీళ్లలో నిలబడి దాహంతో చావడమంటే అదే. కుండీ అంచున, మట్టి మీద తెల్లటి పొర కట్టడం చూశాను గాని దాని అర్థం అప్పుడు తట్టలేదు.

అందుకని రెండోసారి కూజా మొక్క తెచ్చినప్పుడు వాన నీళ్లు పట్టి దాచాను. వాన నీళ్లు అయిపోతే ఫిల్టరు యంత్రం నుంచి వచ్చే తాగునీరు వాడాను. ఆ యంత్రం పక్క గొట్టంలోంచి బయటికి వదిలే నీరు మాత్రం పోయకూడదు. లవణాలన్నీ చేరేది అందులోనే. మట్టి బదులు కొబ్బరి పీచు ముక్కలు, బొగ్గు ముక్కలు, కడిగిన ముతక ఇసుక కలిపాను. కొబ్బరి పీచులోనూ ఉప్పు ఉంటుంది. దాన్ని మంచినీళ్లలో నానబెట్టి, పిండి, నీళ్లు మార్చి, ఇలా నాలుగైదు రోజులు చేస్తేగాని పనికిరాదు. ఎరువు చిటికెడు కూడా వేయలేదు.

మొక్క బతికింది. కొత్త ఆకులూ వేసింది. కాని ఫిబ్రవరి దాటేసరికి ఇంకో చిత్రం మొదలైంది. ప్రతి ఆకు ఈనె చివర నుంచి నులితీగ సాగేది, దాని కొనన చిన్న మొగ్గలాంటిది కనబడేది, అంతలోనే నల్లబడి ఎండిపోయేది. ఆకులు పచ్చగానే ఉన్నాయి, కూజాలు మాత్రం లేవు! ఇక్కడ గాలి సంగతి కొంచెం లెక్క వేసి చూడాలి.

30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు. 40 డిగ్రీల వద్ద అదే గాలి సుమారు 51 గ్రాములు ఇముడ్చుకోగలదు. విశాఖపట్నం లాంటి తీరంలో వానాకాలం రోజున 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్నాయనుకుందాం. గాలిలో అప్పటికే 24 గ్రాముల ఆవిరి ఉంది. ఇంకా పట్టేది 6 గ్రాములే. మా ఊళ్లో వేసవి మధ్యాహ్నం 40 డిగ్రీల వేడి, 30 శాతం తేమ అనుకోండి. గాలిలో ఉన్న ఆవిరి దాదాపు 15 గ్రాములు. ఇంకా 36 గ్రాములు పడుతుంది. వేడి పెరిగింది 10 డిగ్రీలే, గాలి దాహం మాత్రం ఆరు రెట్లయింది! ఆ దాహం తీర్చుకోవడానికి గాలి ఆకుల నుంచీ, లేత కూజాల నుంచీ నీటిని లాగుతుంది. వేళ్లు అంత వేగంగా అందించలేవు. అందరికంటే లేతది, అందరికంటే చివర ఉన్నది కూజా మొగ్గ కాబట్టి ముందు అదే బలి అవుతుంది. వడగాడ్పులో మొక్కను ముంచేది వేడి ఒక్కటే కాదు, ఎక్కువగా ఈ పొడి గాలే.

దీనికి విరుగుడు మన అమ్మమ్మల కాలం నుంచీ ఉంది. వట్టివేళ్ల తడకలు తడిపి కిటికీలకు కట్టేవారు కదా! నేను తూర్పు పక్కన వేపచెట్టు కింద, ఉదయపు ఎండ మాత్రం పడేచోట మొక్కను పెట్టాను. పడమటి వైపు తడి గోనెపట్టా కట్టాను. కుండీ కింద వెడల్పాటి పళ్లెంలో గులకరాళ్లు పరిచి నీళ్లు పోశాను. కుండీ అడుగు రాళ్లమీద ఉండాలి, నీళ్లలో మునగకూడదు. చుట్టూ క్రోటన్లు, ఫెర్నులు గుంపుగా చేర్చాను. అవి వదిలే ఆవిరి దీనికి ఆసరా. మే నెలలో అప్పటికీ కూజాలు రాలేదు. అది ఒప్పుకోవాలి. తొలకరి పడ్డాక మూడు ఆకులకు వరసగా కూజాలు వచ్చాయి. పూర్తి నీడలో పెడితే మాత్రం తేమ ఉన్నా కూజాలు సరిగా రావు. వెలుతురు కావాలి. మండే మధ్యాహ్నపు ఎండను సగం ఆపే నీడవల ఉంటే సరిపోతుంది.

జాతిని ఎంచుకోవడమూ ముఖ్యమే. బోర్నియోలోని కినబాలు పర్వతం మీద పెరిగే నెపంథిస్ రాజా కూజా రెండు లీటర్లకు పైగా నీళ్లు పట్టేంత పెద్దది. బొమ్మ చూసి ముచ్చటపడకండి. అది 1500 మీటర్లకు పైన, రాత్రిళ్లు చల్లబడే చోట పెరిగేది. మన రాత్రుల్లో అది నిలవదు. అమెరికా నుంచి వచ్చిన సర్రసీనియా అనే కూజా మొక్కకూ, వీనస్ ఈగబోనుకూ ఏటా చలికాలపు నిద్ర కావాలి. అదీ మనం ఇవ్వలేం. సముద్రమట్టానికి దగ్గరగా పెరిగే నెపంథిస్ మిరాబిలిస్, ఫిలిప్పీన్స్ జాతుల సంకరమైన వెంట్రాటా మన వేడికి ఓర్చుకుంటాయి. నా దగ్గర ఉన్నది వెంట్రాటానే. ఖాసియానా మాత్రం అడవి నుంచి తెచ్చింది కొనకూడదు. 1991లో వన్యప్రాణి సంరక్షణ చట్టంలో చేర్చిన ఆరు రకాల మొక్కల్లో అదొకటి. మన తిరుమల ప్రాంతపు కొండల్లోని సైకస్ బెడ్డోమీ కూడా అదే పట్టికలో ఉంది.

మా పిల్లల్లో ఒకడు ఆదివారం వచ్చి, ఆకలిగా ఉందేమోనని కూజాలో కోడిమాంసం ముక్క వేసి వెళ్లాడు. రెండు రోజుల్లో కుళ్లు వాసన. ఆ కూజా పోయింది. కూజాలోని ద్రవంలో మాంసకృత్తులను జీర్ణం చేసే ఎంజైములు ఉన్నమాట నిజమే. 1874లోనే జోసెఫ్ హుకర్ గుడ్డు తెల్లసొన, మాంసం ముక్కలు వేసి ఈ సంగతి పరీక్షించాడు. కాని చీమకు సరిపడే ద్రవం కోడిముక్కకు సరిపోదు! మీరు ఏమీ వేయనక్కర్లేదు. అంచున ఊరే తేనె కోసం చీమలే వస్తాయి. తడిసిన ఆ అంచు మీద కాళ్లు నిలవక లోపల పడతాయి. మూత ఎప్పుడూ మూసుకోదు, దాన్ని వేలితో పొడవకండి. దోమలను తగ్గిస్తుందని కొనేవారికి మాత్రం నిరాశే. అడవిలో కొన్ని దోమల పిల్లలు ఈ కూజాల్లోనే పెరుగుతాయి!

మీ ఇంటి గాలికి దాహం ఎంతో మొక్క కొనకముందే కొలుచుకోవచ్చు. రెండు థర్మామీటర్లు పక్కపక్కనే వేలాడదీయండి. ఒకదాని బల్బుకు పలచటి నూలుగుడ్డ చుట్టి తడపండి. కాసేపు విసనకర్రతో విసిరి రెండింటినీ చదవండి. తేడా 3 డిగ్రీల దగ్గర ఉంటే కూజాలు వస్తాయి. 14 డిగ్రీలుంటే గోనెపట్టా తడిపే పని మీదే. నేను మధ్యాహ్నం రెండు గంటలకు చూసి, నెలంతా ఒక పుస్తకంలో రాసిపెట్టాను. మీరూ జూన్‌లో మొదలుపెట్టండి.