రాకర్ షాఫ్టు హెడ్‌లో కుదరకపోతే

ఐటీఐ, డిప్లొమా చదివే మన పిల్లలు చాలామంది ఫిట్స్, టాలరెన్స్ పాఠాన్ని పరీక్ష కోసం బట్టీపట్టి మరచిపోతారు. వర్క్‌షాపులో పని నేర్పేవాడిగా నాకు అన్నిటికన్నా విలువైన పాఠం అదే.

శ్రీవిల్లిపుత్తూరు, విరుదునగర్, కోవిల్‌పట్టి చుట్టుపట్ల ఏ పల్లెకు వెళ్లినా స్ప్లెండర్ కనిపిస్తుంది. 1994లో వచ్చిన 97.2 సీసీ బండి. ఇలాంటి బండికి హెడ్ పాడైతే, కంపెనీది కాకుండా తక్కువ ధరకు దొరికే బయటి హెడ్ వేయించుకునేవారున్నారు. అందులో రాకర్ షాఫ్టు కొన్నిసార్లు దూరదు, కొన్నిసార్లు వదులుగా ఆడుతుంది.

వాల్వును నొక్కే చిన్న చెయ్యి రాకర్. అది ఊగే ఇరుసే రాకర్ షాఫ్టు. ఇరుసు హెడ్‌లో నిలకడగా ఉండాలి, రాకర్ దాని మీద తేలికగా ఊగాలి.

షాఫ్టు దూరకపోతే కుర్రాళ్ల చెయ్యి ముందు సుత్తి మీదికో ఎమరీ పేపరు మీదికో పోతుంది. రెండూ వద్దు. మొదట రంధ్రం అంచుల్లో, నూనె రంధ్రం దగ్గర బర్రు ఉందేమో చూసి తీయండి. తర్వాత షాఫ్టును మైక్రోమీటరుతో, రంధ్రాన్ని బోర్ గేజ్‌తో రెండు మూడు చోట్ల కొలవండి. ఆపైన షాఫ్టును ఒక్కొక్క రంధ్రంలో విడిగా దూర్చి చూడండి. విడిగా రెండింటిలోనూ జారి, రెండూ కలిపితే పట్టేసిందంటే కొలత తప్పు కాదు, రంధ్రాలు ఒకే వరుసలో లేవు. అలాంటి హెడ్‌ను అమ్మినవారికి తిరిగి ఇవ్వడమే మేలు. లేకపోతే రెండు రంధ్రాలనూ ఒకే అమరికలో, ఒకే రీమర్‌తో సరిచేయించాలి.

కొద్దిపాటి బిగువైతే వేడి సాయపడుతుంది. ఇక్కడ ఒక లెక్క చూడండి. అల్యూమినియం ఒక్కో డిగ్రీకి మీటరుకు 23 మైక్రాన్లు సాగుతుంది, ఉక్కు సుమారు 12. 10 మి.మీ. రంధ్రమున్న హెడ్‌ను 30 డిగ్రీల నుండి మరిగే నీటి వేడికి తెస్తే రంధ్రం 0.016 మి.మీ. పెరుగుతుంది. చల్లని షాఫ్టు దూరడానికి ఆ మాత్రం చాలవచ్చు. గ్యాసు మంట మాత్రం పెట్టకండి, ఒకచోటే కాలి హెడ్ వంకరపోతుంది.

ఇదే లెక్క వదులు షాఫ్టుకు ఎదురు తిరుగుతుంది. ఇంజను వేడెక్కి షాఫ్టు, హెడ్ రెండూ 70 డిగ్రీలు పెరిగితే సందు ఇంకో 0.008 మి.మీ. పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడే ఆడే షాఫ్టు పరుగులో మెత్తని అల్యూమినియాన్ని తినేస్తుంది, టకటక శబ్దం వస్తుంది. షాఫ్టు మీద పంచ్ గాట్లు కొట్టి బిగించేవారిని చూశాను. ఆ గాట్లు కొద్ది రోజుల్లో అరిగిపోతాయి, రాలిన పొడి నూనెలో కలుస్తుంది. మంచి లేతు పనివాడి దగ్గర రంధ్రాన్ని పెద్దది చేయించి బుష్ వేయించడమే సరైన దారి. ఆ ఖర్చు హెడ్ ధరకు దగ్గర పడుతుంటే బండి యజమానికి ముందే చెప్పండి. రైతు డబ్బు రెండుసార్లు పోకూడదు.

రీమర్ పట్టాక హెడ్‌ను కిరోసిన్‌తో కడిగి, నూనె దారుల్లో గాలి కొట్టండి. షాఫ్టుకు నూనె రాసి, దాని రంధ్రం హెడ్‌లోని నూనె దారికి ఎదురుగా ఉండేలా దూర్చండి. రాకర్‌ను వేలితో ఊపి చూసి, ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పాక, చల్లగా ఉన్నప్పుడే సర్వీసు పుస్తకంలోని కొలతకు ట్యాపెట్ సందు పెట్టండి.