పాత లారీకి సెకండ్ హ్యాండ్ టర్బో: కొనేముందు ఏం చూడాలి?

మార్కాపురం అనగానే అందరికీ పలకలే గుర్తొస్తాయి. ఆ పలకల రాయి గని నుంచి ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి బయటి ఊళ్ళకి కదలాలంటే లారీ ఉండాల్సిందే. మా పశ్చిమ ప్రకాశంలో ఒక్క లారీతో ఇల్లు నడిపే ఓనర్ కమ్ డ్రైవర్లు చాలామంది. వాళ్ళ బండ్లు కూడా కొత్తవేం కాదు. గిద్దలూరు దాటి నంద్యాల వైపు వెళ్ళాలంటే నల్లమల ఘాట్ ఎక్కాలి. లోడుతో ఎక్కేటప్పుడు పాత బండి నల్లపొగ కక్కుతూ, రొప్పుతూ, సెకండ్ గేర్‌లో పాకుతుంది. వెనకాల బస్సువాడు హారన్ కొడుతూనే ఉంటాడు. అప్పుడు వచ్చే ఆలోచన ఒకటే: "ఆటోనగర్‌లో పాత టర్బో కిట్ దొరుకుతుందంట, పెట్టిస్తే పోలా?"

మా మామయ్య కూడా ఇదే అన్నారు. "ఏరా, ఇంజనీరింగే గదా నువ్వు, కొనొచ్చో లేదో చెప్పు" అని అడిగారు. నాది సి.ఎస్.ఇ. మామా అంటే వినలేదు. మెకానికల్ ఫ్రెండ్స్‌ని అడిగి, మెకానిక్‌ల దగ్గర కూర్చుని, నేను అర్థం చేసుకున్నది ఈ వ్యాసం. మన క్లాసుల్లో చాలామంది ఇళ్ళల్లో లారీయో, ట్రాక్టరో, బోర్‌బండో ఉంటుంది కాబట్టి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

టర్బో చేసే పని

డీజిల్ పూర్తిగా కాలాలంటే 1 కిలో డీజిల్‌కి దాదాపు 14.5 కిలోల గాలి కావాలి. నిజంగా నడిచే ఇంజిన్‌లో ఇంకా ఎక్కువే కావాలి. గాలి చాలకపోతే డీజిల్ సగం కాలి నల్లపొగగా బయటికొస్తుంది. అంటే మనం డబ్బు పెట్టి కొన్న డీజిలే సైలెన్సర్‌లోంచి పోతోందన్నమాట.

పాత టాటా లారీల్లో కనిపించే 697 ఇంజిన్ తీసుకుందాం. ఆ పేరులోనే లెక్క ఉంది: 6 సిలిండర్లు, బోరు 97 మి.మీ. మొత్తం దాదాపు 5,675 సీసీ. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకి ఒకసారి గాలి పీలుస్తుంది. 2,000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి సుమారు 5,675 లీటర్ల గాలి. టర్బో లేకపోతే ఇంతకు మించి పీల్చడం దాని వల్ల కాదు.

టర్బోలో ఒకే షాఫ్ట్‌కి రెండు చక్రాలు ఉంటాయి. ఒకదాన్ని సైలెన్సర్ వైపు పోయే వేడి పొగ తిప్పుతుంది. రెండోది బయటి గాలిని నొక్కి ఇంజిన్‌లోకి తోస్తుంది. స్విట్జర్లాండ్ ఇంజనీర్ ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు.

ఇక్కడ చాలామంది పొరబడే లెక్క ఒకటి ఉంది. గాలి ఒత్తిడి 1.7 రెట్లు అయితే గాలి కూడా 70 శాతం ఎక్కువ వెళ్తుంది అనుకుంటాం. కానీ నొక్కితే గాలి వేడెక్కుతుంది. మన ఎండాకాలం 40 డిగ్రీల గాలిని 70 శాతం సామర్థ్యం ఉన్న కంప్రెసర్ అంత నొక్కితే అది దాదాపు 113 డిగ్రీలకు చేరుతుంది. వేడి గాలి పలచన. లెక్క వేస్తే నిజంగా లోపలికి వెళ్ళే గాలి 38 శాతమే ఎక్కువ. అందుకే కంపెనీ బండ్లలో ఇంటర్‌కూలర్ పెట్టి ఆ గాలిని చల్లారుస్తారు. కిట్ అమ్మేవాడు "టర్బో ఒక్కటి చాలు" అంటే ఈ లెక్క గుర్తుంచుకోండి.

ముందు చూడాల్సింది మన ఇంజిన్

బండి లాగకపోవడానికి కారణం టర్బో లేకపోవడమే కానక్కర్లేదు. గాలి ఫిల్టర్ మూసుకుపోయినా, నాజిల్స్ అరిగినా, డీజిల్ పంపు సెట్టింగ్ తప్పినా, క్లచ్ జారినా ఇదే లక్షణం. ఇవి సరిచేయించడానికి అయ్యే ఖర్చు తక్కువ. కాబట్టి మొదట ఇవే చూపించాలి.

తర్వాత ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి చూడాలి. పొగ బుసబుసమని బయటికి తంతుంటే పిస్టన్ రింగులు అరిగినట్టే, బోరుకి వచ్చిన ఇంజిన్ అని అర్థం. దానికి టర్బో పెడితే మిగిలిన ఆయుష్షు ఇంకా తొందరగా అయిపోతుంది. ఆయిల్ ప్రెషర్ తక్కువున్నా అంతే, ఎందుకంటే టర్బో బతికేది ఆ ఆయిల్ మీదే.

ఇంకో ముఖ్యమైన విషయం. కంపెనీ టర్బోతో ఇచ్చిన ఇంజిన్‌కి, టర్బో లేకుండా ఇచ్చిన ఇంజిన్‌కి బయట పోలికలున్నా లోపల తేడాలుంటాయి: పిస్టన్లు, కంప్రెషన్ నిష్పత్తి, పిస్టన్‌ని చల్లబరిచే ఆయిల్ జెట్లు, డీజిల్ పంపు. కాబట్టి టర్బో బండికి పాడైన టర్బో మార్చడం ఒక పని, టర్బో లేని బండికి కొత్తగా తగిలించడం వేరే పని. మొదటిదాన్ని పాత సామానుతో జాగ్రత్తగా చేయొచ్చు. రెండోది చాలాసార్లు గిట్టుబాటు కాదు.

పాత టర్బోని ఎలా పరీక్షించాలి?

టర్బో తనంతట తాను పాడవడం తక్కువ. ఆయిల్ అందకో, దుమ్ము వెళ్ళో, వేడికి మాడో పాడవుతుంది. ఆ మూడింటి గుర్తులూ దాని ఒంటి మీదే ఉంటాయి.

1. నంబర్ ప్లేట్. టర్బో మీద చిన్న రేకు మీద పార్ట్ నంబర్ ఉంటుంది. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు టర్బోల్లో చక్రాల సైజు వేరుగా ఉండొచ్చు. సాఫ్ట్‌వేర్‌లో లైబ్రరీ వెర్షన్ సరిపోకపోతే ఏమవుతుందో ఇక్కడా అదే. రేకు పీకేసి ఉంటే తీసుకోవద్దు.

2. చేత్తో తిప్పడం. షాఫ్ట్ వేలితో తిప్పితే తేలిగ్గా తిరగాలి, ఎక్కడా గీసుకోకూడదు. పక్కలకు కొంచెం ప్లే ఉండటం సహజం, ఎందుకంటే నడిచేటప్పుడు షాఫ్ట్ ఆయిల్ పొర మీద తేలుతుంది. కానీ పక్కకి నొక్కి తిప్పినా చక్రం గోడకి తగలకూడదు. ముందుకీ వెనక్కీ లాగితే కదలిక చేతికి తెలియకూడదు. తెలిసిందంటే థ్రస్ట్ బేరింగ్ పోయినట్టే.

3. గాలి వైపు చక్రం. ఫోన్ టార్చ్ వేసి రెక్కల అంచులు చూడాలి. అంచులు పలచబడి, ఇసుక కొట్టినట్టు గరుకుగా ఉంటే ఆ బండి సరైన ఫిల్టర్ లేకుండా తిరిగింది. మన పలకల గనుల దుమ్ములో తిరిగిన బండ్ల టర్బోలకి ఇది తప్పక చూడాలి. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే చక్రం అది, ఒక రెక్క వంగినా బ్యాలెన్స్ పోతుంది.

4. పొగ వైపు చక్రం. రెక్కలు విరగడం, హౌసింగ్ ఆరుపారు పగలడం ఉంటే వదిలేయాలి.

5. ఆయిల్ రంధ్రాలు. ఆయిల్ వచ్చే రంధ్రంలో నల్లగా మాడిన గట్టి పొర కనిపిస్తే అది వేడికి, ఆయిల్ కొరతకి గుర్తు.

6. కొత్త పెయింట్. తళతళలాడుతున్నంత మాత్రాన బాగున్నట్టు కాదు. రీబిల్డ్ చేశాం అంటే లోపల ఏం మార్చారు, బ్యాలెన్సింగ్ ఎక్కడ చేయించారు అని అడిగి, బిల్లు చూడాలి.

అన్నిటికంటే మంచి ప్రశ్న: "ఇది ఏ బండి మీద ఉండేది, ఎందుకు దింపారు?" యాక్సిడెంట్ అయిన బండి నుంచి దింపింది, ఇంజిన్ సీజ్ అయిన బండి నుంచి దింపింది ఒకటి కాదు. రెండో దాంట్లో ఇనుప పొడి కలిసిన ఆయిల్ బేరింగుల్లో తిరిగి ఉంటుంది.

కిట్ ధర వేరు, మొత్తం ఖర్చు వేరు

కిట్ అంటే టర్బో ఒక్కటే కాదు. మానిఫోల్డ్, ఆయిల్ వచ్చే పైపు, ఆయిల్ దిగే పైపు, గాలి గొట్టాలు, క్లాంపులు, గ్యాస్కెట్లు అన్నీ ఉండాలి. ఆయిల్ దిగే పైపు వంపులు లేకుండా కిందికే దిగాలి. లేకపోతే ఆయిల్ నిలిచి సీల్ దాటి కారుతుంది. కారిన ఆయిల్‌ని ఇంజిన్ పీల్చడం మొదలుపెడితే కీ ఆపినా ఇంజిన్ ఆగకపోవచ్చు. ఘాట్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

పంపు షాపులో డీజిల్ కాలిబ్రేషన్ ఖర్చు కూడా కలపాలి. గాలి పెంచి డీజిల్ పెంచకపోతే పవర్ పెద్దగా రాదు. డీజిల్ మరీ పెంచితే పిస్టన్లు కాలిపోతాయి.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్.సి.లో ఉన్న వివరాలకు, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. పాత లారీలకు ఫిట్‌నెస్ ఏటా చేయించాలి కాబట్టి ఈ విషయం ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గరా పేచీ వస్తుంది. మార్పు చేసేముందే ఆర్టీఓ ఆఫీసులో అడగడం మేలు.

ఇంకోటి, పవర్ పెరిగితే బండి మోయాల్సిన లోడు పెరగదు. 2019 సవరణ తర్వాత 194వ సెక్షన్‌లో ఓవర్‌లోడ్‌కి రూ. 20,000, ఆపైన అదనపు టన్నుకి రూ. 2,000 జరిమానా ఉంది. జరిమానా సంగతి పక్కన పెట్టినా, టర్బో బండిని ఘాట్ ఎక్కిస్తుందే కానీ దిగేటప్పుడు బ్రేకు వేయదు.

బిగించాక

మొదటిసారి స్టార్ట్ చేసేముందు టర్బో ఆయిల్ రంధ్రంలో శుభ్రమైన ఆయిల్ పోయాలి. ఘాట్ ఎక్కి వచ్చి టీ కోసం ఆపినప్పుడు వెంటనే ఇంజిన్ కట్టేయకుండా మూడు నాలుగు నిమిషాలు ఐడిల్‌లో ఉంచాలి. లేకపోతే కాలుతున్న షాఫ్ట్ మీద ఆయిల్ నిలిచిపోయి మాడుతుంది. ఫిల్టర్, ఆయిల్ టైముకి మార్చాలి.

కాబట్టి డబ్బు ఖర్చు పెట్టే వరస ఇది: ముందు ఫిల్టర్, నాజిల్స్, పంపు. తర్వాత ఇంజిన్ ఆరోగ్యం. అప్పటికీ అవసరమనిపిస్తే, పార్ట్ నంబర్ సరిపోయి, ఎందుకు దింపారో తెలిసిన టర్బో. ఒక్క లారీ మీద బతికే ఇంట్లో ఇంజిన్ సీజ్ అయితే ఆగేది బండి ఒక్కటే కాదు, పిల్లల ఫీజులు, ఫైనాన్స్ వాయిదాలు కూడా. మీ ఇంట్లో ఎవరైనా టర్బో కొనడానికి ఆటోనగర్ బయల్దేరితే, ఫోన్ టార్చ్ పట్టుకుని మీరూ వెంట వెళ్ళండి.